విల్ఫ్ కూడా చూశాడు

ఆషెల్‌కూమ్‌లో ఎనిడ్ డెల్‌బ్రిడ్జ్ ఒక మాట అన్నదంటే దానికి తిరుగులేదు. ఏటా ఆగస్టులో చర్చి వెనక మైదానంలో పెద్ద గుడారం వేసి ఊరి ప్రదర్శన పెడతారు. అందులో జామ్‌లకూ పచ్చళ్ళకూ తీర్పు చెప్పేది ఆవిడే. చెంచా కొనతో కాస్త తీసి నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఇది అడుగంటింది. మాడిన వాసన రాకుండా పైపైది తీసి సీసాలో పోసుకొచ్చారు" అనేసేది. ఆ సీసా పాస్టరుగారి భార్యదైనా సరే, సొంత ఆడపడుచుదైనా సరే. మొహాలు మాడ్చుకున్నవాళ్ళున్నారు గానీ ఎదురుచెప్పినవాళ్ళు లేరు. ఎనిడ్‌కి అబద్ధం చేతకాదన్నది ఊరంతా ఒప్పుకున్న సంగతి.

ఆవిడ మాంసం కొట్టు ఆసామి కూతురు. కొట్లో పెరిగింది కాబట్టి మొహమాటాలు తక్కువ. విల్ఫ్ డెల్‌బ్రిడ్జ్‌ని చేసుకుని ఎక్స్‌మూర్ బీడుల అంచున, కొండవాలు మీదున్న గొర్రెల దొడ్డికి కాపురానికి వచ్చింది. విల్ఫ్ మంచివాడే. కష్టజీవి. తాగి తూలేవాడు కాదు, పెళ్ళాం మీద గొంతు పెంచేవాడు కాదు. ఆయనకున్నది ఒక్కటే జబ్బు. నలుగురూ తనని చూసి నవ్వుతున్నారంటే ప్రాణం పోయినట్టుండేది.

దానికి కారణం లేకపోలేదు. విల్ఫ్ తండ్రి ఒకసారి బీడు మీద గొర్రెల్ని తోలుకొస్తూ ఆకాశంలో ఏదో పళ్ళెంలాంటి వెలుగు చూశానన్నాడు. అంతే, చచ్చేదాకా ఆయన పేరు 'చందమామ డెల్‌బ్రిడ్జ్'. సంతలో పొట్టేళ్ళు అమ్మకానికి తెస్తే, "ఇవి ఇక్కడివా, పైనించి దిగినవా?" అని అడిగేవారు. బళ్ళో విల్ఫ్‌ని పిల్లలు అదే పేరుతో పిలిచేవారు. పెళ్ళైన కొత్తలో ఈ సంగతంతా ఎనిడ్‌కి చెప్పి, "మా నాన్న చూశాడో లేదో నాకు తెలీదు. కానీ నోరు మూసుకుని ఉంటే మారాజులా బతికేవాడు" అన్నాడు విల్ఫ్. ఎనిడ్ అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

ఎనభయ్యో దశకం మొదట్లో, ఒక మార్చి నెల సాయంత్రం, ఇద్దరూ సంత నుంచి ల్యాండ్‌రోవర్‌లో తిరిగి వస్తున్నారు. ముసురు. ఇంకా వెలుతురుంది. కొండ దిగే మలుపులో, స్లేడర్ వాళ్ళ పొలం గేటుకి కాస్త ఇవతల, గట్టు మీదున్న కంచెలోంచి ఒక నల్లటి జంతువు రోడ్డు మీదకి దిగింది.

విల్ఫ్ గట్టిగా బ్రేకు తొక్కాడు. వెనకున్న మేత బస్తా దభీమని ముందుకొచ్చి పడింది.

అది ఉలిక్కిపడలేదు, పరిగెత్తలేదు. రోడ్డు నడిమధ్య ఆగి వీళ్ళవైపు తల తిప్పింది. లేగదూడంత పొడుగుంది గానీ ఎత్తు తక్కువ. తల చిన్నగా గుండ్రంగా, చెవులు పొట్టిగా ఉన్నాయి. కళ్ళు పసుపూ కాదు పచ్చా కాదు, గూస్‌బెర్రీ కాయ పండే ముందుండే రంగు. మళ్ళీ కదిలినప్పుడు భుజాల ఎముకలు చర్మం కింద ఒకదాని తర్వాత ఒకటి లేచి దిగాయి. తోక నేలదాకా వచ్చి కొసన పైకి వంగి ఉంది. నింపాదిగా అవతలి గట్టెక్కి ఎండిన ఫెర్న్ పొదల్లోకి వెళ్ళిపోయింది.

ఎనిడ్ చెయ్యి విల్ఫ్ మణికట్టు మీద బిగుసుకుపోయి ఉంది.

"ఓరి దేవుడో!" అన్నాడు విల్ఫ్. "అది చిరుత కాదుటే? నల్ల చిరుత."

"చిరుతే. తోక చూశావా?"

"చూశా. కళ్ళూ చూశా. నన్నే చూసిందే అది!"

ఆ మాటలన్న నోరు విల్ఫ్‌దే. ఎనిడ్ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా ఆ మాటలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పగలిగేది. చెప్పి ఏం లాభం, వినేవాళ్ళేరీ?

ఇంటికొచ్చాక విల్ఫ్ కెటిల్ పొయ్యి మీద పెట్టి, అటు తిరిగే, "ఎనిడ్, ఇది మనిద్దరి మధ్యే ఉండనీ" అన్నాడు.

"అదేంటి? పొద్దున్నే ఆ మలుపులో పిల్లలు బడి బస్సు కోసం నుంచుంటారు. చెప్పకపోతే ఎలా?"

"ఎక్కణ్ణించో తప్పించుకొచ్చి ఉంటుంది. దాని దారిన అది పోతుందిలే."

"పోకపోతే?"

విల్ఫ్ కప్పులు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన మౌనాన్ని ఒప్పుకోలు అనుకుంది ఎనిడ్. ఆవిడ చేసిన పొరపాటల్లా అదే.

మర్నాడు కానిస్టేబుల్‌కి ఫోన్ చేసింది. అతను కుర్రవాడు, ఊరికి కొత్త. వచ్చి వంటింట్లో కూర్చుని, టీ తాగి, ఆవిడ చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. తర్వాత, గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్న విల్ఫ్ వైపు తిరిగాడు.

"మీరేం చూశారు సార్?"

విల్ఫ్ బూటు తాడు ముడి విప్పుతూనే ఉన్నాడు. "నేను బండి నడుపుతున్నా కదా. నా చూపు రోడ్డు మీదుంది. నల్లగా ఏదో అటు పోయినట్టుంది. కుక్కేమో."

ఎనిడ్ చేతిలోని టీ కెటిల్ అలాగే ఉండిపోయింది. "కుక్కా? విల్ఫ్!"

"కుక్కేమో అన్నాను. సరిగ్గా చూడలేదు అన్నాను."

కానిస్టేబుల్ మొహంలో శ్రద్ధ కరిగిపోవడం ఎనిడ్ కళ్ళారా చూసింది. "వాన వెలుతుర్లో ఒక్కోసారి అలాగే అనిపిస్తుందమ్మా" అని, టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

తలుపు పడగానే ఎనిడ్ అగ్గి మీద గుగ్గిలమైంది. "నా మొహం మీదే అబద్ధమాడతావా? దేవుణ్ణి తలుచుకున్న నోటితో కుక్క అంటావా?"

"నేను చందమామ డెల్‌బ్రిడ్జ్ కొడుకుని" అన్నాడు విల్ఫ్ మెల్లగా. "మా నాన్న వెలుగు చూశాడు, కొడుకు పులిని చూశాడంటే వచ్చే జన్మ దాకా నవ్వుతారు. నా వల్ల కాదే."

"మరి నన్ను చూసి నవ్వితే నీకు ఫరవాలేదా?"

"నిన్ను చూసి ఎవరూ నవ్వరు. నువ్వు ఎనిడ్‌వి."

ఆయన నిజంగానే అలా అనుకున్నాడు. కానీ నవ్వారు. పిల్లిని చూసి పులి అనుకుందిట అని వారం తిరక్కముందే ఊరంతా పాకింది. పబ్బులోకి అడుగుపెడితే మూలనుంచి ఎవడో సన్నగా 'మ్యావ్' అనేవాడు. ఒక పొద్దున వాకిట్లో సాసర్లో పాలు పెట్టి ఉన్నాయి. దుకాణంలో రొట్టె కొనుక్కుంటుంటే, "పెద్దపిల్లికి కూడా ఒకటి కట్టమంటావా తల్లీ?" అని అడిగింది దుకాణం ఆవిడ. ఆగస్టు రాకముందే ప్రదర్శన కమిటీ నుంచి మనిషి వచ్చి, "ఈసారి కొత్తవాళ్ళకి అవకాశం ఇద్దామనుకుంటున్నాం ఎనిడ్, నువ్వూ ఎన్నేళ్ళని శ్రమపడతావు?" అన్నాడు. జామ్ రుచికీ చిరుతకీ సంబంధం ఏమిటని ఎనిడ్ అడిగింది. అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు.

ఆ ఏడు జామ్‌లకు తీర్పు చెప్పింది పాస్టరుగారి భార్య. మొదటి బహుమతి అడుగంటిన సీసాకే వచ్చింది. విల్ఫ్ ఆ సంగతి చెప్పి నవ్వించబోయాడు. ఎనిడ్ నవ్వలేదు.

నవ్వులాట వరకే అయితే ఎనిడ్ భరించేదే. మాంసం కొట్లో పెరిగిన మనిషి, తోలు మందం. కానీ మరుసటి ఏడు గొర్రెలు ఈనే కాలానికి గోర్డన్ స్లేడర్ మందలో చావులు మొదలయ్యాయి. గోర్డన్ ఊళ్ళో పెద్ద రైతు, పెద్ద గొంతు. తల్లి గొర్రెలు మెడ విరిగి పడి ఉండేవి. ఒకవైపు పక్కటెముకలు కడిగినట్టు శుభ్రంగా తినేసి ఉండేవి. ఎనిడ్ వెళ్ళి చూసింది. కుక్క తరిమి చంపిన గొర్రెలు ఆవిడకి కొత్త కాదు. కుక్క కొరికితే ఎక్కడ పడితే అక్కడ చీలికలు, ఊడిన ఉన్ని కట్టలు కట్టలుగా ఉంటాయి. ఇక్కడ అలాంటిదేం లేదు.

ఊరి హాల్లో సమావేశం పెట్టారు. రైతులంతా తడిసిన కోట్లతో వచ్చారు. వెనక బెంచీ మీద సైలస్ క్రాంగ్ కూర్చున్నాడు. డెల్‌బ్రిడ్జ్‌ల పొలానికి ఆనుకునే ఉంటుంది ఆయన పొలం. పెళ్ళి చేసుకోలేదు. విల్ఫ్‌తో కలిసి బడికెళ్ళినవాడు. ఆయన కాళ్ళ దగ్గర నెల్ అనే కుక్క పడుకుని ఉంది. నెల్ సగం కోలీ, సగం లాబ్రడార్. నల్లగా నిగనిగలాడే పెద్ద కుక్క. సైలస్ మనుషులతో మాట్లాడిందానికంటే నెల్‌తో మాట్లాడిందే ఎక్కువ.

ఎనిడ్ లేచి నిలబడింది. "నేను చూసిన జంతువు పనే ఇది. నవ్వండి, ఫరవాలేదు. నవ్వాక వెళ్ళి ఆ మెడలు చూడండి."

ఎవడో మ్యావ్ అన్నాడు. హాలంతా గొల్లుమంది. గోర్డన్ స్లేడర్ మాత్రం నవ్వలేదు.

"ఆగండ్రా. ఎనిడ్, నువ్వు చూసింది నల్లగా ఉందన్నావు కదూ?"

"నల్లగానే ఉంది."

"పెద్దది?"

"పెద్దదే."

"మా గేటు దగ్గర?"

"అవును."

గోర్డన్ వెనక బెంచీ వైపు తిరిగాడు. "ఈ ఊళ్ళో నల్లగా, పెద్దగా ఉండి, మా గేటు దాకా ఊరికే తిరిగే జంతువు ఏదో నాకు తెలుసు."

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. తలలన్నీ వెనక్కి తిరిగాయి. తన పేరు ఎవరూ పిలవకపోయినా నెల్ తోక నేలకేసి కొట్టింది.

"అది కుక్క కాదు!" అని అరిచింది ఎనిడ్. "కుక్కకీ దానికీ తేడా తెలీదా నాకు? గోర్డన్, నా మాటని వంకర తిప్పకు!"

"నీ మొగుడే కుక్కన్నాడటగా, కానిస్టేబుల్‌తో."

అందరూ విల్ఫ్ వైపు చూశారు. సైలస్ కూడా చూశాడు. "ఒరేయ్ విల్ఫ్" అన్నాడు, చాలా మామూలుగా, గడ్డిమోపు అందుకోమన్నట్టు. "నువ్వు చూసింది నా నెల్‌నా?"

విల్ఫ్ లేచాడు. పెదాలు తడుపుకున్నాడు. పక్కనే ఉన్న ఎనిడ్ ఆయన చొక్కా చేతి అంచు పట్టుకుని లాగింది, చెప్పు, చెప్పు అని. ఒక్క మాట. అప్పుడు ఊరు నవ్వితే ఇద్దర్నీ చూసి నవ్వుతుంది, అంతేగా.

"నేను సరిగ్గా చూడలేదు సైలస్" అన్నాడు విల్ఫ్, కూర్చున్నాడు.

కుక్కని చంపాలంటే ముందు దానికో చెడ్డపేరు పెట్టాలి. నెల్‌కి ఆ పేరు ఆ పూటే పెట్టేశారు. తర్వాత కొద్దిరోజులకే అది గోర్డన్ పొలంలో, చచ్చిన గొర్రెపిల్లని వాసన చూస్తూ కనబడిందిట. ఏ కుక్కయినా చూస్తుంది. గోర్డన్ తుపాకీ పేల్చాడు. మందలో చొరబడ్డ కుక్కని కాల్చే హక్కు రైతుకుంది, కానిస్టేబుల్ కూడా అదే అన్నాడు. సైలస్ ఒక గోనెపట్టాలో దాన్ని మోసుకుంటూ డెల్‌బ్రిడ్జ్‌ల దొడ్డి ముందు నుంచే ఇంటికెళ్ళాడు. ఎనిడ్ గేటు దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఆగలేదు. పశువుల కొట్టంలో ఉన్న విల్ఫ్ బయటికి రాలేదు.

ఆ నెలలోనే గోర్డన్‌వి మరో రెండు గొర్రెలు చచ్చాయి, మునుపటిలాగే. ఒక్కడైనా సైలస్ ఇంటికెళ్ళి తప్పయిందన్నవాడు లేడు. వేరే కుక్క అయ్యుంటుందన్నారు.

ఆ తర్వాత ఎనిడ్ విల్ఫ్‌తో మాట్లాడటం మానేయలేదు. మానేస్తే బావుండేదని ఆయనే అనుకుని ఉంటాడు. టీ కావాలా, పొట్టేలు కుంటుతోంది, వానొచ్చేలా ఉంది, ఇలాంటివన్నీ మాట్లాడేది. అంతకుమించి ఏం లేదు. ఒకసారి విల్ఫ్ తనే, "ఎన్నాళ్ళే ఇలా?" అన్నాడు.

"నువ్వు హాల్లో నుంచుని నిజం చెప్పేదాకా."

"ఇప్పుడు చెబితే కుక్క లేచొస్తుందా?"

"రాదు. అందుకే మరీ చెప్పాలి."

గోడకి చెప్పినట్టే అయింది. విల్ఫ్ కోటు వేసుకుని గొర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఏళ్ళు గడిచాయి. ఎనిడ్‌కి తెలియని వింత ఏమిటంటే, ఊరు మారడానికి నిజం అక్కర్లేదు, పత్రికలు చాలు. పక్క జిల్లాలో ఎవరో చూశారు, ఇంకెవరో మసక ఫోటో తీశారు. వెనకటి రోజుల్లో డబ్బున్నవాళ్ళు చిరుతల్ని పెంచుకునేవారనీ, చట్టం వచ్చాక లైసెన్సులకి భయపడి బీడుల్లోకి వదిలేశారనీ పత్రికలవాళ్ళు రాశారు. విలేకరులు వచ్చారు, వాళ్ళ వెనక కెమెరాలు మెళ్ళో వేసుకుని పర్యాటకులు వచ్చారు. పబ్బు గోడ మీద నల్ల చిరుత బొమ్మ వేలాడింది. దుకాణంలో చిరుత ముద్ర ఉన్న కప్పులు పెట్టారు. మొన్నటిదాకా మ్యావ్ అన్న ప్రతివాడూ చిరుతని చూసినవాడే అయ్యాడు. గోర్డన్ స్లేడర్‌కైతే అది రెండుసార్లు ఎదురొచ్చింది, ఒకసారి కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసింది. నెల్‌ని కాల్చిన గోర్డనే ఆ కథ చెప్పేవాడు. "మరి సైలస్ కుక్కో?" అని ఒకసారి ఎనిడ్ దుకాణంలో అందరిముందూ అడిగేసింది. "అబ్బా, ఎప్పటి సంగతి ఎనిడ్!" అని విసుక్కున్నాడు గోర్డన్.

అదీ దిగమింగుకునేదేమో. కోతల పండగ భోజనానికి ఆ ఏడు పబ్బులో బల్లలు వేశారు. ఎనిడ్ ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన 'పై' ఉన్న పళ్ళెం పట్టుకుని వంటగది వైపు నుంచి వస్తోంది. పొయ్యి దగ్గర బల్ల మీద విల్ఫ్ గొంతు వినబడింది. బ్రిస్టల్ పట్నం నుంచి వచ్చిన కుర్ర మొగుడూ పెళ్ళాలు ఎదురుగా కూర్చుని నోరు తెరుచుకుని వింటున్నారు. విల్ఫ్ ముందు వాళ్ళు కొనిపెట్టిన సైడర్, ఆపిల్ పళ్ళ కల్లు, ఉంది.

"... ఈ ఊళ్ళో అందరికంటే ముందు చూసింది నేనేనండీ. బ్రేకు తొక్కాను. నడిరోడ్డు మీద నుంచుని నన్నే చూసింది. కళ్ళు, పసుపూ కాదు, పచ్చా కాదు..."

"మీ ఆవిడ కూడా ఉన్నారా?" అని అడిగింది ఆ పిల్ల.

"ఉంది పాపం, ఊలు అల్లుకుంటోంది. తలెత్తేసరికి అది పొదల్లోకి పోయింది."

ఎనిడ్ జీవితంలో ఎన్నడూ కార్లో ఊలు అల్లలేదు. కదిలే బండిలో సూది పట్టుకుంటే ఆవిడకి కళ్ళు తిరుగుతాయి. చేతిలోని పళ్ళెం బల్ల మీద ఠప్పున పెట్టింది.

"ఎవరు అల్లుకుంటున్నారు విల్ఫ్?"

విల్ఫ్ మొహం పాలిపోయింది. "ఎనిడ్..."

"చూసింది నేను! చెప్పింది నేను! మ్యావులు పడింది నేను! నువ్వు రోడ్డు చూస్తున్నావుగా? కుక్కేమో అన్నావుగా?"

వెనకనుంచి ఎవరో, "పోనీలే ఎనిడ్, ముసలాయన్ని చెప్పుకోనీ" అన్నారు. ఇంకెవరో, "చిరుతని చూసిన ఘనత కూడా మొగుడికి దక్కనివ్వదు" అన్నారు. నవ్వారు. బ్రిస్టల్ పిల్ల జాలిగా ఎనిడ్ చెయ్యి నిమిరి, "మీకు కూడా ఎప్పుడైనా కనబడాలని కోరుకుంటున్నానండీ" అంది.

ఎనిడ్ పళ్ళెం అక్కడే వదిలేసి, వానలో నడిచి ఇంటికొచ్చేసింది.

ఆ శీతాకాలంలో టీవీ వాళ్ళు వచ్చారు. మొదట చూసిన మనిషిగా విల్ఫ్ పేరు ఎవరో ఇచ్చారు. విల్ఫ్ వద్దనలేకపోయాడు. చర్చికి వేసుకునే కోటు తొడుక్కుని వంటింట్లో కూర్చున్నాడు. ఒక చురుకైన అమ్మాయి ప్రశ్నలడుగుతోంది, కెమెరా తిరుగుతోంది. ఎనిడ్ టీ ట్రే తెచ్చి బల్ల మీద పెట్టింది.

"అప్పట్లో మీరు చెప్తే ఊరివాళ్ళు నమ్మారా?" అని అడిగింది ఆ అమ్మాయి.

విల్ఫ్ నోరు తెరిచాడు. ఎనిడ్ కప్పులో పాలు పోస్తూ, తలెత్తకుండా, "నెల్ ఎవరో అడగండి ఆయన్ని" అంది.

"నెల్ ఎవరండీ?"

కెమెరా పట్టుకున్నతను అమ్మాయి వైపు చూశాడు. విల్ఫ్ కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. మేకుకున్న టోపీ తీసుకుని, మైకు తీగ కోటుకి వేలాడుతుండగానే దొడ్డిదారిన బయటికెళ్ళి, పొలానికి అడ్డంపడి సైలస్ ఇంటివైపు నడిచాడు. కెమెరా అతను వెంటపడి తీగ తీసుకోవాల్సి వచ్చింది.

ఎనిడ్ గేటు దాకా వెళ్ళి నిలబడింది. సైలస్ తలుపు తీయడం కనబడింది. విల్ఫ్ టోపీ చేత్తో పట్టుకుని ఏదో చెప్పాడు. సైలస్ విన్నాడు. ఆయన కూడా ఏదో అన్నాడు, పొడుగ్గా ఏం కాదు. తలుపు మూసుకుంది.

తిరిగొచ్చిన విల్ఫ్‌ని ఎనిడ్ అడిగింది. "ఏమన్నాడు?"

"హాల్లో అడిగాను కదరా, అన్నాడు." విల్ఫ్ టోపీ మేకుకి తగిలించాడు. "అంతే అన్నాడు."

మరుసటి శనివారం విల్ఫ్ తనంతట తనే పబ్బుకి బయల్దేరి, ఎనిడ్‌ని కూడా రమ్మన్నాడు. ఆవిడకి వెళ్ళాలని లేదు. ఆయన మొహం చూసి వెళ్ళింది. అందరూ ఉన్నారు, గోర్డన్ కూడా. విల్ఫ్ బల్లల మధ్య నిలబడి, బళ్ళో పద్యం అప్పజెప్పే పిల్లాడిలా చేతులు కిందికి వేలాడేసి చెప్పాడు. "ముందు చూసింది ఎనిడ్. నేనూ చూశాను. చూసి కూడా చూడలేదన్నాను. మీరు నవ్వుతారని భయపడ్డాను. దానివల్ల సైలస్ కుక్క చచ్చింది. తను అల్లుకుంటోందని చెప్పింది కూడా అబద్ధమే."

ఇన్నేళ్ళుగా ఆవిడ అడిగింది ఇదే. ఇంతకన్నా ఏమీ అడగలేదు.

గోర్డన్ స్లేడర్ లేచొచ్చి విల్ఫ్ భుజం మీద చెయ్యేశాడు. కళ్ళు చెమర్చాయి కూడా. "మగాడంటే నువ్వేరా విల్ఫ్! పెళ్ళాం ముచ్చట తీర్చడానికి ఊరందరి ముందూ ఇంత కథ కల్పించావు. ఇదిగో, ఈయనకో సైడర్!"

"కథ కాదు గోర్డన్..."

"తెలుసులే, తెలుసులే." చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకావిడ ఎనిడ్ చెవిలో, "అదృష్టవంతురాలివి తల్లీ, మా ఆయనైతే నాకోసం వేలైనా కదపడు" అంది.

విల్ఫ్ నిస్సహాయంగా ఎనిడ్ వైపు చూశాడు. చేతిలో ఎవరో గ్లాసు పెట్టారు. ఆ మనిషి జీవితంలో మొదటిసారి నలుగురి ముందు నిజం చెప్పాడు. అది కూడా వృథా అయింది. గట్టిగా అరవాలనిపించింది ఎనిడ్‌కి. అరిస్తే మొగుడి మంచితనం తెలీని గయ్యాళి అంటారు. అరవకపోతే ఒప్పుకున్నట్టు. ఆవిడ ఆయన చేతిలోంచి గ్లాసు తీసి బల్ల మీద పెట్టి, "పద" అంది.

టీవీలో ఆ కార్యక్రమం వచ్చింది. మాట్లాడిందంతా గోర్డనే. డెల్‌బ్రిడ్జ్‌ల వంటింట్లోంచి ఒక ట్రే, దాన్ని పట్టుకున్న రెండు చేతులు కనబడ్డాయి.

వసంతం వచ్చాక ఎనిడ్ ఒక పొద్దున సైలస్ ఇంటికి వెళ్ళింది. అన్నేళ్ళలో వెళ్ళడం అదే మొదలు. ఆయన ముంగిట్లో కత్తెర నూరుకుంటున్నాడు. బాగా ముసలాడైపోయాడు. నెల్ తర్వాత ఇంకో కుక్కని తెచ్చుకోలేదు.

"సైలస్, నువ్వొక్కడివైనా నన్ను నమ్మాలి. నేను చూసింది కుక్క కాదు."

"నమ్మకపోవడమేంటి?" అన్నాడు సైలస్, కత్తెర అంచు బొటనవేలితో చూసుకుంటూ. "ఆ మొదటి రోజే నమ్మాను. నువ్వు అబద్ధమాడవని తెలీదా నాకు?"

ఎనిడ్ రాతి మెట్టు మీద కూర్చుంది. "మరి ఇన్నేళ్ళూ నాతో ఎందుకు మాట్లాడలేదు?"

సైలస్ రాయి మీద నీళ్ళు చల్లి, మళ్ళీ రెండుసార్లు నూరాడు. "హాల్లో గోర్డన్ అడిగాడు. నల్లగా ఉందా? అంటే ఉందన్నావు. పెద్దదా? అంటే పెద్దదన్నావు. వాడెటు లాక్కెళ్తున్నాడో నాకు వెనక బెంచీ మీద తెలిసిపోయింది. నీకు తెలీలేదు. ఒక్కసారి, గుర్తులేదు గోర్డన్, అని ఉంటే నెల్ బతికేది ఎనిడ్. నీది తప్పని అనను. నీ మొహం చూసినప్పుడల్లా అదే గుర్తొచ్చేది, అంతే."

నిజమే కదా చెప్పాను, అని ఎనిడ్ నోటిదాకా వచ్చింది. అనలేదు. విల్ఫ్ ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే, అని కూడా వచ్చింది. అదీ అనలేదు. కోపమైతే ఉంది గానీ, ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు.

"టీ తాగుతావా?" అన్నాడు సైలస్.

"తాగుతాను."

ఆయన లోపలికెళ్ళి కెటిల్ పెట్టాడు. ఇద్దరూ ముంగిట్లో కూర్చుని టీ తాగారు. ఉన్ని ధర పడిపోవడం గురించి, చర్చి కప్పు కారడం గురించి మాట్లాడుకున్నారు. అవతల గేటు దగ్గర విల్ఫ్ నిలబడి ఉన్నాడు, లోపలికి రావచ్చో కూడదో తెలియక. సైలస్ అటు చూశాడు, చూసి ఊరుకున్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపయ్యాక ఎనిడ్ లేచి, కప్పు కడిగి బోర్లించి, గేటు వైపు నడిచింది.

"ఏమన్నాడు?" అని అడిగాడు విల్ఫ్.

"నన్ను నమ్ముతాట్ట" అంది ఎనిడ్ విసురుగా, ఆయన్ని దాటుకుంటూ. "ఇంటికి పద, గొర్రెలకి నీళ్ళు పెట్టలేదు."